టస్కలూసా ఫుట్‌బాల్ నడక టూర్: విగ్రహం ఉన్న కోచ్‌ల కంటే లేని కోచ్‌ల కథలే బాగున్నాయి

అలబామా యూనివర్సిటీలో సీటు వచ్చిన పిల్లల్ని వెంటబెట్టుకుని టస్కలూసా వెళ్ళే మనవాళ్ళు ఈమధ్య చాలామందే కనిపిస్తున్నారు. దేశమంతా పెట్టే పరీక్షలో నేషనల్ మెరిట్ అనే గుర్తింపు తెచ్చుకున్న పిల్లలకి, వేరే రాష్ట్రం వాళ్ళైనా సరే, వీళ్ళిచ్చే స్కాలర్‌షిప్ అలాంటిది మరి. వెళ్ళినవాళ్ళు డార్మ్ చూస్తారు, ఇంజనీరింగ్ బిల్డింగ్ ముందు ఫోటో దిగుతారు, అయినా ఇంకా సగం పూట మిగిలిపోతుంది. ఆ సగం పూటకి పనికొచ్చే సంగతి ఒకటి చెబుదామని ఇది రాస్తున్నాను. ఊళ్ళో ఒక పెద్దాయన ఫుట్‌బాల్ చరిత్ర మీద సొంతంగా నడక టూర్ నడుపుతున్నాడు. యూనివర్సిటీకీ దీనికీ సంబంధం లేదు. మనిషికి ముప్పై డాలర్ల లోపే, రెండున్నర గంటలు అన్నారు, మూడు దాటింది. అడిగి పెట్టుకోలేదు కాబట్టి ఆయన పేరు రాయను. నా వరకు అయిదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో మధ్యలో చెప్తాను, అది ఎండకో పార్కింగుకో తగ్గించింది కాదు.

మేం వెళ్ళింది 2025 వేసవిలో, నేను, మా ఆవిడ, అక్కడ చేరబోతున్న మా అమ్మాయి, హైదరాబాద్ నుంచి వచ్చిన మా మామగారు. మా ఇంట్లో అమెరికన్ ఫుట్‌బాల్ చూసేది నేనొక్కడినే. మామగారికి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే. ‘చేత్తో పట్టుకుని పరిగెడితే దాన్ని ఫుట్‌బాల్ అనడమేంటండీ అల్లుడుగారూ’ అని అట్లాంటా పక్కన ఆల్ఫరెటాలో బయల్దేరిన దగ్గర్నుంచి సణుగుతూనే ఉన్నారు. ఆఖరికి టూర్‌లో ఎక్కువ ప్రశ్నలు అడిగిందీ ఆయనే, గైడ్‌తో సెల్ఫీ దిగిందీ ఆయనే.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికాలో అన్నిటికంటే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్, దాని టీమ్ అలబామా రాష్ట్రంలో ఒక్కటీ లేదు. జనం ప్రేమంతా కాలేజీ టీముల మీదే, ఒక ఇంట్లో అలబామా, పక్కింట్లో ఆబర్న్. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో అందరికంటే ఎక్కువ జీతం ఉన్నది గవర్నర్‌కి కాదు, ఫుట్‌బాల్ కోచ్‌కి. కాబట్టి అక్కడ కోచ్ మారడమంటే మన దగ్గర ముఖ్యమంత్రి మారినంత హడావిడి. ఎవరు దిగిపోతున్నారు, ఎవరు వస్తున్నారు, విమానం ఎన్ని గంటలకి దిగుతుంది, అన్నీ జనానికి కావాలి. 2007 జనవరిలో అలబామా కోచ్‌గా నిక్ సాబన్ వచ్చినప్పుడు టస్కలూసా ఎయిర్‌పోర్టు కంచె దగ్గర జనం గుమిగూడి ఎదురుచూశారు. ఆ ఏప్రిల్‌లో వాళ్ళ టీమ్ వాళ్ళల్లో వాళ్ళు ఆడుకునే ప్రాక్టీస్ మ్యాచ్‌కే 92 వేల మంది వచ్చారు. ప్రాక్టీస్‌కి!

టూర్ స్టేడియం ఉత్తరం వైపు మొదలవుతుంది, వాక్ ఆఫ్ ఛాంపియన్స్ అంటారు. మ్యాచ్ రోజు ఆటగాళ్ళు బస్సు దిగి ఈ దారిలోనే లోపలికి నడుస్తారు. అక్కడ అయిదు కంచు విగ్రహాలు. వాలెస్ వేడ్, ఫ్రాంక్ థామస్, పాల్ ‘బేర్’ బ్రయంట్, జీన్ స్టాలింగ్స్, నిక్ సాబన్. జాతీయ టైటిల్ గెలిస్తేనే ఇక్కడ విగ్రహం, గెలవకపోతే లేదు, రూలు అంతే. మామూలుగా ఎవరైనా ఇక్కడ ఏం చేస్తారు, ఒక్కో విగ్రహం ముందు ఆగి టైటిళ్ళు చదువుతారు. వేడ్‌కి 1925, 26, 30. థామస్‌కి 1934, 41. బ్రయంట్‌కి ఆరు, స్టాలింగ్స్‌కి 1992 ఒక్కటి, సాబన్‌కి ఇక్కడ ఆరు. వికీపీడియాలో దొరికేదానికి ముప్పై డాలర్లు దండగ.

మా గైడ్ అలా చేయలేదు. థామస్‌కీ బ్రయంట్‌కీ మధ్య ఖాళీగా ఉన్న చోట నిలబడి ‘ఇక్కడ ఇద్దరున్నారు, మీకు కనబడుతున్నారా’ అని అడిగాడు. మా అమ్మాయి నా మొహం చూసింది. నాకైతే అక్కడే ఈ టూర్ నచ్చేసింది.

ఆ ఇద్దరూ హెరాల్డ్ ‘రెడ్’ డ్రూ, జె.బి. విట్‌వర్త్. థామస్ పదిహేనేళ్ళకు పైగా నడిపిన టీమ్‌ని రక్తపోటు ముదిరి 1946తో వదిలేయాల్సి వచ్చింది. డ్రూ 1947లో అందుకున్నాడు. మరీ తీసిపారేసే మనిషేం కాదు, 1953 జనవరిలో ఆరెంజ్ బౌల్‌లో (బౌల్ అంటే సీజన్ చివర ఆడే పెద్ద మ్యాచ్) సిరక్యూస్‌ని 61–6తో చితక్కొట్టాడు. తర్వాత వచ్చిన విట్‌వర్త్ మాత్రం మొదటి ఏడు, 1955లో, పదికి పది ఓడిపోయాడు. మూడేళ్ళలో మొత్తం నాలుగు గెలుపులు, 24 ఓటములు, రెండు డ్రాలు. ఈ లెక్క గైడ్ కాగితం చూడకుండా చెప్పాడు, నవ్వుతూ కాదు. బ్రయంట్ వచ్చింది ఈ శిథిలాల మీదకి కాబట్టే అంత ఎత్తుగా కనబడ్డాడన్నది ఆయన వాదన. ఒప్పుకోవాల్సిందే. అందరూ గెలిచేచోట గెలిస్తే దేవుణ్ణి చేయరు కదా.

వేడ్ సంగతి కూడా నాకు కొత్తే. 1930 సీజన్ ఇంకా మొదలుకాకముందే నేను వెళ్ళిపోతున్నానని రాజీనామా ఇచ్చేసి, డ్యూక్ యూనివర్సిటీకి మాట ఇచ్చేసి, ఆ చివరి సీజన్‌లో అన్నీ గెలిచి, రోజ్ బౌల్ కూడా 24–0తో గెలిచి మరీ వెళ్ళాడు. పోతూ పోతూ తన తర్వాత ఫ్రాంక్ థామస్‌ని పెట్టుకోమని చెప్పింది కూడా ఆయనే. మన ఆఫీసుల్లో నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాడు లాప్‌టాప్ తెరవడమే ఎక్కువ. పదవి చేతులు మారిన తీరులో ఇంత శుభ్రమైనది ఈ యూనివర్సిటీ చరిత్రలో మళ్ళీ జరగలేదని గైడ్ అభిప్రాయం. తర్వాత విన్నదంతా చూస్తే నాకూ అలాగే అనిపించింది.

బ్రయంట్ విగ్రహం దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగడు. ‘ఈయన గురించి చెప్పడానికి ఊళ్ళో లక్షమంది ఉన్నారు’ అన్నాడు. ముఖ్యమైనవి మాత్రం చెప్పాడు. థామస్ దగ్గర ఆడిన కుర్రాడే, 1935 జనవరిలో రోజ్ బౌల్ గెలిచిన టీమ్‌లో ఉన్నవాడే. మేరీలాండ్, కెంటకీ, టెక్సాస్ ఏ అండ్ ఎం తిరిగి 1958లో సొంత కాలేజీకి వచ్చాడు. ఎందుకు వస్తున్నావని అడిగితే అమ్మ పిలిచింది అన్నాడట, ఆ మాట ఇప్పటికీ అక్కడ సామెతలా వాడతారు. పాతికేళ్ళు చేశాడు. 1981లో ఆబర్న్ మీద 315వ గెలుపుతో అప్పటికి అందరికంటే పైకి వెళ్ళాడు, 323 దగ్గర ఆపాడు. చివరి ఆట 1982 డిసెంబర్ 29న, ఇలినాయ్ మీద గెలుపు. ఆ తర్వాత నెల కూడా తిరక్కుండానే, 1983 జనవరి 26న, గుండె ఆగి పోయాడు.

అక్కణ్ణుంచి క్వాడ్ అనే క్యాంపస్ మధ్య గడ్డి మైదానం వైపు నడిపించాడు. డెన్నీ చైమ్స్ అని పొడుగాటి గంటల గోపురం. ఫోటోలకి అందరూ దాన్నే తీస్తారు, పైకే చూస్తారు. ఈయన మమ్మల్ని కిందికి చూడమన్నాడు. గోపురం చుట్టూ కాలిబాటలో కాంక్రీటు పలకలు, ఒక్కోదాని మీద రెండు అరచేతులు, రెండు బూటు అడుగులు, పేరు, ఏడు. 1940ల చివర్నుంచీ ఏటా టీమ్ కెప్టెన్ల చేత పచ్చి కాంక్రీటులో చేతులూ కాళ్ళూ నొక్కిస్తున్నారు. జో నామత్ అనే పేరుమోసిన ఆటగాడిది ఉంది, జనం అంతా అక్కడే వంగుతారు. ఆ వేళ్ళ గుంటల్లో వాన నీళ్ళు, ఎండుటాకు ముక్కలు, ఎవరో పెట్టిపోయిన పెన్నీ.

ఆయన నామత్‌ని దాటించి 1966 పలక దగ్గర మోకాలి మీద కూర్చున్నాడు. రే పర్కిన్స్. బ్రయంట్ తర్వాత కుర్చీలో కూర్చున్న మనిషి. విగ్రహం లేదు, కానీ చేతులు ఇక్కడున్నాయి. మా అమ్మాయిని ఆ ముద్రలో చెయ్యి పెట్టమన్నాడు. దాని అరచెయ్యి అందులో ఓ మూలకి వచ్చింది, వేళ్ళు సగం దాకే అందాయి. పాస్‌లు పట్టే మనిషి చెయ్యి అది మరి.

పర్కిన్స్ గురించి పావుగంట చెప్పాడు, టూర్ మొత్తానికి ఇదే ప్రాణం. బ్రయంట్ శిష్యుడే, 1964, 65 టైటిల్ టీముల్లో ఉన్నవాడే. న్యూయార్క్ జెయింట్స్‌కి హెడ్ కోచ్‌గా ఉంటూ అది వదులుకుని వచ్చాడు. వచ్చాక చేసిన పనులు చూడండి. పాత అసిస్టెంట్లలో చాలామందిని పంపించేశాడు. బ్రయంట్ పదేళ్ళకు పైగా గెలిపించిన, బంతి పట్టుకుని పరిగెత్తడం మీదే నడిచే విష్‌బోన్ ఎటాక్ మానేసి ప్రొఫెషనల్ టీముల పద్ధతి పెట్టాడు. అన్నిటికంటే, ప్రాక్టీస్ మైదానంలో బ్రయంట్ ఎక్కి నిలబడి చూసే ఇనుప టవర్ ఉండేది, దాన్ని తీయించేశాడు. గురువు పోయిన ఏడాదే! కొత్త కోచ్‌గా చూస్తే అందులో తప్పేముంది, నేను కిందే ఉండి నేర్పిస్తాను, పైనుంచి చూడను అనుకుని ఉండొచ్చు. ఊరికి మాత్రం అది తద్దినం పెట్టాల్సిన ఇంట్లో ఫోటో తీసి అటకెక్కించినట్టు తగిలింది. ఆ టవర్ తర్వాత మళ్ళీ నిలబెట్టారు, ఇప్పటికీ ఉంది.

1984లో 5–6, అంటే అయిదు గెలిచి ఆరు ఓడారు. అలబామా గెలుపుల కంటే ఓటములు ఎక్కువగా చూడటం 1957 తర్వాత అదే మొదటిసారి. అందరూ ఆ ఒక్క ఏడాదే చెప్తారు. 1986లో నోటర్ డేమ్‌ని 28–10తో ఓడించింది ఈయనే. బ్రయంట్ ఎన్నిసార్లు ఆడినా ఆ టీమ్ మీద ఒక్కసారీ గెలవలేదు. మొత్తం 32 గెలిచి, 15 ఓడి, ఒకటి డ్రా చేసుకుని టాంపా బే ప్రొఫెషనల్ టీమ్‌కి వెళ్ళిపోయాడు. గైడ్ ఒక మాటన్నాడు: బ్రయంట్ బతికుంటే పర్కిన్స్‌కి బాగుండేది, ఓడినప్పుడల్లా ముసలాయన బయటికొచ్చి కుర్రాడికి టైమివ్వండి అని ఒక ముక్క చెప్పేవాడు, పోయినాయన చెప్పలేడు కదా. నాకు ఇది చాలా నచ్చింది. పాతాయన వచ్చి కొత్తాయన భుజం మీద చెయ్యేస్తే చాలు, సగం నోళ్ళు మూతపడతాయి.

పర్కిన్స్ తర్వాత వచ్చిన బిల్ కరీ కథ గబగబా చెప్పాడు. జార్జియా టెక్‌లో చదివినవాడు, బ్రయంట్ మనిషి కాదు, అదే మొదటి నేరం. 1988లో పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ రోజు మిసిసిపీ చేతిలో ఓడిపోతే ఎవరో ఆయన ఆఫీసు కిటికీలోకి ఇటుక విసిరారు. మూడేళ్ళలో 26 గెలిచి పది ఓడాడు, చివరి ఏడాది కాన్ఫరెన్స్ (చుట్టుపక్కల రాష్ట్రాల కాలేజీల లీగ్) టైటిల్‌లో వాటా కూడా తెచ్చాడు. కానీ ఆబర్న్ మీద మూడుకి మూడూ పోయాయి. కాన్ఫరెన్స్ టైటిల్ తెచ్చిన మనిషి కెంటకీకి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన స్టాలింగ్స్ బ్రయంట్ దగ్గర ఆడినవాడు, అసిస్టెంట్‌గా పనిచేసినవాడు, కాబట్టి ఊరు ఊపిరి పీల్చుకుంది. 1992లో 13కి 13 గెలిచి, షుగర్ బౌల్‌లో మయామీని 34–13తో కొట్టి విగ్రహం సంపాదించుకున్నాడు.

ఆ తర్వాత పదేళ్ళు మాత్రం వినడానికే ఆయాసం. డుబోస్ అనే కోచ్ 1999లో కాన్ఫరెన్స్ గెలిచి మర్నాటి ఏడు 3–8తో దిగిపోయాడు. ఫ్రాంకియోనీ రెండేళ్ళు చేసి టెక్సాస్ ఏ అండ్ ఎం‌కి వెళ్ళిపోయాడు. మైక్ ప్రైస్ 2003లో ఒక్క ఆట కూడా ఆడించకుండానే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మైక్ షూలా నాలుగేళ్ళు. షూలా కూడా 1986 కెప్టెన్, ఆయన చేతులు కూడా ఆ గోపురం కింద ఉన్నాయి.

నేను ఒక స్టార్ కోసింది ఇక్కడే. 2003 మేలో ప్రైస్ ఉద్యోగం పోయాక కుర్చీకి గట్టిగా వినబడిన పేర్లలో సిల్వెస్టర్ క్రూమ్ ఒకరు. టస్కలూసా ఊరివాడే, బ్రయంట్ దగ్గర సెంటర్‌గా ఆడినవాడు, 1974 కెప్టెన్, చాలా ఏళ్ళు అలబామాలోనూ ప్రొఫెషనల్ టీముల్లోనూ కోచింగ్ చేసినవాడు. నల్లజాతివాడు. ఆయన్ని కాదని ఎప్పుడూ హెడ్ కోచ్‌గా చేయని షూలాకి ఇచ్చారు. అదే ఏడాది చివర్లో క్రూమ్‌ని మిసిసిపీ స్టేట్ తీసుకుంది, ఆ కాన్ఫరెన్స్ చరిత్రలోనే మొదటి నల్లజాతి హెడ్ కోచ్. 2006లో అదే క్రూమ్ తన టీమ్‌తో టస్కలూసా వచ్చి షూలా టీమ్‌ని 24–16తో ఓడించాడు, ఆ నెల తిరక్కుండానే షూలా ఉద్యోగం పోయింది. నాయకత్వం మార్పు మీద టూర్ నడిపేవాడికి ఇంతకంటే మంచి కథ ఎక్కడ దొరుకుతుంది? గైడ్ దీన్ని ఎత్తనే లేదు. నేనే అడిగాను. ‘మంచి మనిషి, మంచి కోచ్’ అని రెండు మాటలు చెప్పి ముందుకు నడిచాడు. ఓడిన కోచ్‌ల గురించి అంత సేపు మాట్లాడేవాడు, అసలు అవకాశమే ఇవ్వని మనిషి దగ్గర నోరు మెదపకపోవడం నాకు మింగుడుపడలేదు. తర్వాత ఆ పలక నేనే వెతికి చూశాను, మీరు వెళితే 1974 దగ్గర ఆగండి.

అలాగని ఈయన ఆ సంగతులన్నీ దాచేసేవాడని కాదు. ఫాస్టర్ ఆడిటోరియం దగ్గరకి తీసుకెళ్ళాడు. 1963 జూన్ 11న గవర్నర్ జార్జ్ వాలెస్ ద్వారం దగ్గర అడ్డంగా నిలబడి, వివియన్ మెలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థుల్ని లోపలికి రానివ్వనన్న చోటు ఇది. ఆ సాయంత్రానికల్లా కెనడీ ప్రభుత్వం రంగంలోకి దిగి దారి వదిలించింది. ఇప్పుడు ఎదురుగా వాళ్ళ పేరుతో ఒక ప్లాజా, అంతకుముందే చేరి బయటికి గెంటించుకున్న ఆథరీన్ లూసీ పేరుతో ఒక గడియార స్తంభం ఉన్నాయి. ఈ సంగతికీ ఫుట్‌బాల్‌కీ లింకు ఏంటంటే, క్లాసులోకి వచ్చినా ఆటలోకి రావడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది. స్కాలర్‌షిప్ మీద వచ్చిన మొదటి నల్లజాతి ఆటగాడు విల్బర్ జాక్సన్ 1970లో చేరాడు. ఆ ఏడే సదరన్ కాలిఫోర్నియా టీమ్ బర్మింగ్‌హామ్ వచ్చి 42–21తో కొట్టిపోయింది, సామ్ కన్నింగ్‌హామ్ అనే నల్లజాతి కుర్రాడు ఆ రోజు వీళ్ళని తొక్కుకుంటూ పోయాడు. ఆ ఒక్క ఆటతోనే బ్రయంట్ మారి నల్లజాతి ఆటగాళ్ళని తీసుకున్నాడని చాలామంది చెప్తారు. జాక్సన్ అప్పటికే వచ్చేసి ఉన్నాడు కదా, ఆ కథ అంత నున్నగా ఉండదు అని గైడ్ తేల్చి చెప్పాడు. ఇది సొంత ఊళ్ళో నిలబడి చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి.

1963 జూన్ 11 అనగానే మా మామగారు తలెత్తారు. ‘ఆ రోజు రహీం సాబ్ పోయారు’ అన్నారు. మేం ముగ్గురం ఆయన వైపు చూశాం. సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, ఉస్మానియాకి ఆడి, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని 1950 నుంచి వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిపించి, భారత జట్టుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తాలో ఆసియా క్రీడల బంగారానికి తీసుకెళ్ళిన కోచ్. క్యాన్సర్‌తో, ఆ బంగారం వచ్చిన ఏడాది లోపే పోయారు. మామగారికి అప్పుడు పదకొండేళ్ళట, వాళ్ళ నాన్నగారు పేపర్ చదువుతూ చెప్పారట. గైడ్ ఆగి, పేరు స్పెల్లింగ్ అడిగి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ‘ఆయన తర్వాత ఎవరు వచ్చారు’ అని అడిగాడు. మామగారు ‘ఎవరొచ్చినా మళ్ళీ ఆసియా బంగారం రాలేదు’ అన్నారు. ఆ మాటకి గైడ్ ‘అయితే మీకు విట్‌వర్త్ ఒక్కడు కాదన్నమాట’ అనేసరికి మామగారు పగలబడి నవ్వారు. ఇక అక్కణ్ణుంచి ఇద్దరూ దోస్తులు, మేం వెనక నడిచాం.

సాబన్ భాగం గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. ఇరవై నిమిషాలు ఎక్కువైంది. 2006 డిసెంబర్‌లో అప్పుడు కోచ్‌గా ఉన్న మయామీ ప్రొఫెషనల్ టీమ్ దగ్గర, నేను అలబామా కోచ్‌ని కాబోను అని మైకు ముందు చెప్పి రెండు వారాల్లో రావడం, మొదటి ఏడు లూసియానా–మన్రో లాంటి చిన్న టీమ్ చేతిలో సొంత మైదానంలో 21–14తో ఓడి 7–6తో గట్టెక్కడం, అవి బాగున్నాయి. ఆ తర్వాత ప్రతి టైటిల్ ఆటా ప్లే బై ప్లే చెప్పడం అవసరం లేదు. మా ఆవిడ అక్కడే బెంచీ చూసుకుని కూర్చుంది, నేనేమీ అనలేకపోయాను.

2024 జనవరి దగ్గర మళ్ళీ ఊపందుకున్నాడు. జనవరి 1న రోజ్ బౌల్‌లో మిషిగన్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 27–20తో ఓటమి, 10న సాబన్ టీమ్‌ని కూర్చోబెట్టి రిటైరవుతున్నానని చెప్పడం, 12న కేలెన్ డిబోర్ పేరు ప్రకటన. రెండే రోజులు! ఎందుకంత తొందరంటే, అప్పటి రూలు ప్రకారం కోచ్ దిగిపోతే ఆటగాళ్ళు వేరే కాలేజీకి మారడానికి 30 రోజుల కిటికీ తెరుచుకునేది. ఆలస్యమయ్యే కొద్దీ పిల్లలు జారిపోయేవారు. జారిపోయారు కూడా, కేలెబ్ డౌన్స్ ఒహాయో స్టేట్‌కి, ఐజయా బాండ్ టెక్సస్‌కి. పర్కిన్స్ రోజుల్లో కొత్త కోచ్‌కి ఊరు ఒక్కటే సమస్య, ఇప్పుడు సొంత లాకర్ రూమ్ కూడా ఖాళీ అవుతుంది. డిబోర్ సౌత్ డకోటా మనిషి, సూ ఫాల్స్ అనే చిన్న కాలేజీలో 67 గెలిచి మూడే ఓడి, వాషింగ్టన్ యూనివర్సిటీని జాతీయ ఫైనల్ దాకా తెచ్చి, ఆ ఫైనల్ అయిన నాలుగో రోజుకే టస్కలూసాలో ఉన్నాడు. బ్రయంట్‌కీ సాబన్‌కీ ఇద్దరికీ సంబంధం లేని మనిషి. 1926 రోజ్ బౌల్‌లో 20–19తో అలబామాకి దేశంలో పేరు తెచ్చిన గెలుపు ఇదే వాషింగ్టన్ మీద, ఇప్పుడు వాళ్ళ కోచ్‌నే తెచ్చుకున్నారు.

మొదటి ఏడు ఎలా ఉందంటే, సెప్టెంబర్ 28న జార్జియాని 41–34తో గెలిచి, వారం తిరిగేసరికి అక్టోబర్ 5న వాండర్‌బిల్ట్ చేతిలో 40–35తో ఓడిపోయారు. మొత్తం 9–4. మా గైడ్ దాని మీద తీర్పు చెప్పలేదు. పర్కిన్స్ మొదటి ఏడు 8–4 అని మాత్రం గుర్తుచేశాడు. ఒక తేడా నేను గమనించింది చెప్తాను, సాబన్ బతికి ఉన్నాడు, టీవీలో కనబడుతున్నాడు, స్టేడియం మైదానానికి ఆయన పేరు పెట్టిన రోజు 2024 సెప్టెంబర్‌లో వచ్చి నిలబడ్డాడు. పాతాయన కొత్తాయన గురించి మంచిగానే మాట్లాడుతున్నాడు. పర్కిన్స్‌కి ఆ అదృష్టం లేదు.

ఇక మిగతావి. మైకు లేదు, ఆయన గొంతు చిన్నది, పదిమంది కంటే ఎక్కువ ఉంటే వెనకవాళ్ళకి సగమే వినబడుతుంది. జూన్, జూలైల్లో అయితే పొద్దున్న మొదటి స్లాటే తీసుకోండి, కాంక్రీటు వేడి బూట్లలోంచి తెలుస్తుంది. అట్లాంటా వైపు నుంచి వచ్చేవాళ్ళకి రాష్ట్రం దాటగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఎనిమిదింటి స్లాట్ చూసి భయపడక్కర్లేదు. బ్రయంట్ మ్యూజియం ఈ టూర్‌లో లేదు, విడిగా వెళ్ళాలి, టికెట్ చవకే. బ్రయంట్ ఆఫీసు గది మళ్ళీ అలాగే పెట్టి ఉంది, ఆయన గళ్ళ టోపీని క్రిస్టల్‌లో చెక్కి పెట్టారు. టూర్ విన్న తర్వాత వెళితేనే రుచి. చివర్లో గైడ్ తనకి తెలిసిన టీషర్టుల షాపులోకి తీసుకెళ్తాడు, అక్కడ పావుగంట పోతుంది. కొనక్కర్లేదు, ఎవరూ ఏమీ అనరు, కానీ ఏసీ బాగుంది కాబట్టి మేమూ గొణగలేదు. తిండికి ఊళ్ళో బార్బెక్యూకే పేరు, శాకాహారులు పులిహోర కట్టుకెళ్ళండి, క్వాడ్‌లో చెట్ల కింద బల్లలు లేకపోయినా గడ్డి ఉంది.

బుక్ చేసేటప్పుడే సాబన్ భాగం తగ్గించి డెన్నీ చైమ్స్ దగ్గర ఎక్కువసేపు కావాలని చెప్పండి, అడిగితే మారుస్తాడు. క్రూమ్ గురించి కూడా మీరే అడగండి. ఇద్దరు ముగ్గురు అడిగితే తర్వాతి బ్యాచ్‌కైనా చెప్తాడేమో. టిప్ కార్డు మీద తీసుకోడు, చేతిలో కొంచెం క్యాష్ ఉంచుకోండి.